జాడోట్‌విల్ కమాండర్ పాట్ క్విన్లన్ విషయమై ఐక్యరాజ్యసమితికి, దళాలు పంపే దేశాలకు బహిరంగ లేఖ

ఐక్యరాజ్యసమితి శాంతి పరిరక్షణ విభాగాధిపతి గారికి, ఐర్లండ్, భారతదేశ రక్షణ మంత్రులకు, నీలి టోపీ పెట్టి తమ జవాన్లను పరాయి దేశాలకు పంపే ప్రతి సైన్యపు పెద్దలకు,

నమస్కారం.

నేను ఆంధ్రప్రదేశ్‌కు చెందిన మాజీ సైనికుణ్ణి. భారత బెటాలియన్‌తో దక్షిణ లెబనాన్‌లో శాంతి పరిరక్షణ దళంలో పనిచేశాను. ఆ రోజుల్లో అక్కడ ఐరిష్ బెటాలియన్ కూడా ఉండేది. 1961లో కాంగోలోని జాడోట్‌విల్ ఊళ్ళో ఐరాస తరఫున ఐరిష్ దళాన్ని నడిపిన కమాండెంట్ పాట్ క్విన్లన్ పేరు నేను మొదట విన్నది అక్కడే. ఇంటికొచ్చాక ఆయన గురించి దొరికినదల్లా చదివాను. చదివినకొద్దీ ఇది ఒక్క ఐర్లండ్ గోడు కాదనిపించింది.

నాతోపాటు విదేశాల్లో నీలి టోపీతో పనిచేసి వచ్చిన కొందరం, తిరిగొచ్చాక మనసు చెదిరిన సహచరుల వైద్యం గురించి, వాళ్ళ సేవకు రావలసిన గుర్తింపు గురించి, సంబంధిత కార్యాలయానికి అర్జీలు పెట్టాం. అర్జీ ముట్టినట్టు రసీదు వచ్చింది. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. అందుకే ఈ లేఖ బహిరంగంగా రాస్తున్నాను. మా అర్జీల్లోని పేర్లు బయటపెట్టడం ఆ కుటుంబాలకు ఇష్టం లేదు. కానీ మా కష్టం ఎక్కడ మొదలవుతుందో క్విన్లన్ కథలో స్పష్టంగా ఉంది, అది రికార్డుల్లోనూ ఉంది. కాబట్టి దాన్నే ముందు పెడుతున్నాను.

జరిగింది ఇదీ.

1960 జూన్ 30న బెల్జియం నుంచి కాంగోకు స్వాతంత్ర్యం వచ్చింది. రెండు వారాలు తిరక్కుండానే ఆ దేశంలోని కటంగా ప్రాంతం విడిపోయిందని అక్కడి నాయకుడు మొయిస్ చోంబే ప్రకటించాడు. కాంగో రాగి, కోబాల్టు, యురేనియం అన్నీ ఆ ప్రాంతంలోనే ఉన్నాయి. యూనియన్ మినియేర్ అనే బెల్జియన్ గని కంపెనీకి అది బంగారు గుడ్లు పెట్టే బాతు. డబ్బుకు యుద్ధం చేసే కిరాయి సైనికులు, బెల్జియన్ అధికారులు చోంబే సైన్యాన్ని నడిపారు. కాంగో ప్రభుత్వం కోరగా ఐరాస దళాలు దిగాయి. ఐర్లండ్ 1955 చివర్లోనే ఐరాసలో చేరిన చిన్న దేశం. అంతకుముందెప్పుడూ తన బెటాలియన్‌ను విదేశానికి పంపింది లేదు. 1960 జులైలో మొదటి బెటాలియన్ వెళ్ళినప్పుడు ఆ కుర్రాళ్ళ ఒంటిమీద ఉన్నవి ఐర్లండ్ చలికి కుట్టిన మందపాటి ఉన్ని యూనిఫాంలు. భూమధ్యరేఖకు దగ్గరి ఎండలో వాటితోనే దిగారు. వాళ్ళను పంపినవాళ్ళు అక్కడి వాతావరణం గురించి కూడా ఆలోచించలేదనడానికి ఈ ఒక్కటి చాలు.

1960 నవంబర్ 8న కటంగాలోని నియెంబా దగ్గర పదకొండు మంది ఐరిష్ జవాన్ల గస్తీ దళం మీద దాడి జరిగింది. తొమ్మిది మంది చనిపోయారు. అంటే మరుసటి ఏడాది సెప్టెంబర్ నాటికి ప్రమాదం ఎలా ఉంటుందో తెలియదని ఎవరూ అనడానికి లేదు.

1961 సెప్టెంబర్ మొదట్లో 35వ ఐరిష్ బెటాలియన్‌లోని 'ఎ' కంపెనీ అనే 155 మంది దళాన్ని, క్విన్లన్ నాయకత్వంలో, జాడోట్‌విల్ అనే గనుల ఊరికి పంపారు. ఇప్పుడు దాని పేరు లికాసి. కటంగా రాజధాని ఎలిజబెత్‌విల్ నుంచి వంద కిలోమీటర్లు దాటి ఉంటుంది. అక్కడి యూరోపియన్లకు రక్షణ కావాలని బెల్జియం వైపు నుంచి ఒత్తిడి వచ్చింది. తీరా వెళ్ళేసరికి ఆ యూరోపియన్లే వీళ్ళను శత్రువుల్లా చూశారు. అంతకు కొద్ది రోజుల ముందే అక్కడున్న ఐరాస దళాలను వెనక్కి రప్పించారు. మరి ఈ 155 మందిని మళ్ళీ అదే ఊరికి ఎందుకు పంపారు? చుట్టుముడితే దారి ఏమిటి? ఎలిజబెత్‌విల్ నుంచి జాడోట్‌విల్‌కు వచ్చే రోడ్డు లుఫీరా నది వంతెన మీదుగా పోతుంది. ఆ వంతెనను కటంగా సైన్యం మూసేస్తే కంపెనీకి తూటా గానీ, తిండి గానీ అందే మార్గం లేదు. మ్యాపు చూడగలిగిన ఎవరికైనా ఇది తెలుస్తుంది.

క్విన్లన్ కెర్రీ జిల్లాలో 1919లో పుట్టిన మనిషి. అప్పటికి నలభై దాటాయి. ఆయన దళంలో యుద్ధం చూసినవాళ్ళు దాదాపు లేరు. పదిహేడేళ్ళ కుర్రాడు కూడా ఉన్నాడు. ఊరి వాతావరణం చూడగానే కమాండర్‌కు పరిస్థితి అర్థమైంది. ట్రెంచ్‌లు తవ్వించాడు. ఆ ఎండలో ఆ నేల తవ్వడమంటే ఏమిటో పార పట్టిన జవానుకు తెలుస్తుంది. ఆ ట్రెంచ్‌లే తర్వాత వాళ్ళందరి ప్రాణాలు కాపాడాయి.

సెప్టెంబర్ 13 తెల్లవారుజామున ఎలిజబెత్‌విల్‌లో ఐరాస దళాలు కటంగా బలగాల మీద 'మోర్తోర్' అనే సైనిక చర్య మొదలుపెట్టాయి. దాని ఫలితం జాడోట్‌విల్ మీద పడుతుందని తెలిసి కూడా అక్కడి కంపెనీని ముందుగా సిద్ధం చేసినవాళ్ళు లేరు. అదే రోజు పొద్దున, చాలామంది జవాన్లు ఆరుబయట ప్రార్థనలో ఉండగా కటంగా సైనికులు మీదికి వచ్చారు. ఏమరుపాటున దొరుకుతారని వాళ్ళ లెక్క. సార్జెంట్ జాన్ మొనహన్ మెషిన్‌గన్ అందుకుని కాల్పులు మొదలుపెట్టడంతో ఆ లెక్క తప్పింది.

అక్కడి నుంచి ఐదు రోజులు. ఎదుట దాదాపు మూడు వేల మంది అని అంచనా, వాళ్ళలో యూరోపియన్ కిరాయి సైనికులు. వాళ్ళకు మోర్టార్లు, పైనుంచి బాంబులు వేసి మెషిన్‌గన్‌తో కాల్చే ఫూగా జెట్ విమానం. వీళ్ళకు రైఫిళ్ళు, కొన్ని మెషిన్‌గన్లు, చిన్న మోర్టార్లు, పాతబడిన సాయుధ కార్లు. విమానాన్ని దింపగల ఆయుధం ఒక్కటీ లేదు. క్విన్లన్ తన దళాన్ని చిన్న వలయంలోకి కుదించి, వరస మీద వరస వచ్చిన దాడులను తిప్పికొట్టాడు. "ఆఖరి తూటా దాకా నిలబడతాం, కాస్త విస్కీ ఉంటే బాగుండేది" అన్న అర్థంలో హెడ్‌క్వార్టర్స్‌కు ఆయన పంపిన రేడియో సందేశం ఐర్లండ్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మాటలో ధైర్యం ఉంది. అది సాయం కోసం పంపిన కబురు కూడా.

సాయం ఎలా వచ్చిందో చూడండి. నార్వే, స్వీడన్‌లకు చెందిన ఇద్దరు వైమానికులు కాల్పుల మధ్యే ఒక హెలికాప్టర్ దింపారు. ప్రాణాలకు తెగించి చేసిన పని అది, వాళ్ళకు చేతులెత్తి మొక్కాలి. అందులో వచ్చింది నీళ్ళు. కానీ ఆ నీళ్ళు పోసిన డబ్బాలు అంతకుముందు పెట్రోలు పోసినవి. దాహంతో నాలుక పిడచకట్టుకుపోయిన జవాన్లు మూతి దగ్గర పెట్టుకుంటే పెట్రోలు వాసన. తాగడానికి పనికిరాలేదు. డబ్బా కడగమని చెప్పడానికి జనరల్ అక్కర్లేదు. స్టోర్స్‌లో కూర్చున్న ఒక్క మనిషి ఒక్క నిమిషం ఆలోచిస్తే సరిపోయేది.

ఇక రోడ్డు మీదుగా లుఫీరా వంతెన దాటాలని ఐరిష్, భారత దళాలు రెండుసార్లు ప్రయత్నించాయి. రెండుసార్లూ వెనక్కి రావలసి వచ్చింది. ఆ వంతెన దగ్గర మన గూర్ఖా జవాన్లు ప్రాణాలు వదిలారు. ముక్కూ మొహం తెలియని ఐరిష్ కుర్రాళ్ళ కోసం వాళ్ళు చనిపోయారని మన దేశంలో ఎంతమందికి తెలుసు?

సెప్టెంబర్ 17న తూటాలు, నీళ్ళు అయిపోయి, సాయం రాదని తేలిపోయాక క్విన్లన్ లొంగిపోయాడు. ఆయన మనుషుల్లో ఐదుగురికి గాయాలు. చనిపోయినవాళ్ళు ఒక్కరూ లేరు. అవతలి వైపు సుమారు మూడు వందల మంది చనిపోయారని అంచనాలున్నాయి. ఆ చావులనూ నేను తేలిగ్గా రాయడం లేదు. గనుల కంపెనీల లాభం కోసం తోలుకొచ్చిన కాంగో పల్లెల బిడ్డలు వాళ్ళలో ఎందరో ఉన్నారు.

ఆ రాత్రే, కటంగాలో కాల్పుల విరమణ కోసం చోంబేతో మాట్లాడడానికి బయల్దేరిన ఐరాస ప్రధాన కార్యదర్శి డాగ్ హమర్‌షోల్డ్ ఇప్పటి జాంబియాలోని ఎన్‌డోలా దగ్గర విమానం కూలి చనిపోయారు. ఆ దుర్ఘటన మీద ఐరాస ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా విచారణ కొనసాగించింది. అది న్యాయమే. ఆ 155 మందిని ఆ స్థితికి తెచ్చిన నిర్ణయాల మీదా అంత శ్రద్ధ పెట్టాలన్నదే మా మాట.

బందీలు అక్టోబర్‌లో విడుదలయ్యారు. వెంటనే ఇంటికి పంపలేదు. డిసెంబర్‌లో ఎలిజబెత్‌విల్‌లో పోరు మళ్ళీ మొదలైనప్పుడు వాళ్ళు అక్కడే ఉన్నారు. ఆ పోరులోనే డిసెంబర్ 5న కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియా ప్రాణమిచ్చారు. ఐరాస తరఫున పోరాడి పరమవీరచక్ర పొందిన ఏకైక భారతీయుడు ఆయన. మన పిల్లలు ఆయన పేరు పాఠంలో చదువుతారు, చదవాలి కూడా.

మరి క్విన్లన్‌కు ఏం దక్కింది? తన మనుషుల్లో 33 మందికి ఐర్లండ్ అత్యున్నత శౌర్య పతకం ఇవ్వాలని ఆయన సిఫారసు చేశాడు. ఒక్కటీ ఇవ్వలేదు. లొంగిపోయిన కంపెనీ అన్న ముద్ర మాత్రం పడింది. 'జాడోట్‌విల్ జాక్' అని తోటి సైనికులే ఎత్తిపొడిచేవారు. క్విన్లన్ కర్నల్‌గా రిటైరయ్యాడు గానీ మళ్ళీ ఐరాస విధుల్లో విదేశానికి వెళ్ళలేదు. 1997లో చనిపోయాడు. ఆయన బతికుండగా ఆయన దేశం ఆయన చేసిన పని గురించి నోరు విప్పలేదు.

ముట్టడి నాడు కుర్రవాడైన జాన్ గోర్మన్ అనే జవాను పట్టు వదలకుండా తిరిగితే, 2004లో ఐర్లండ్ ప్రభుత్వం ఆ కంపెనీని నింద నుంచి బయటపడేసింది. 2005లో యాత్లోన్‌లోని కస్ట్యూమ్ బ్యారక్స్‌లో స్మారక శిల పెట్టారు. 2016లో కంపెనీ మొత్తానికి ప్రశంసాపత్రం, 2017 డిసెంబర్‌లో జాడోట్‌విల్ పతకం. ఆ తర్వాత క్విన్లన్ పేరిట వ్యక్తిగత పతకం కూడా మరణానంతరం వచ్చింది. ఐరిష్ సైన్యపు ఐరాస శిక్షణ పాఠశాలలో ఆయన చిత్రపటం ఉంది. ఇవన్నీ చేసిన ఐర్లండ్ ప్రభుత్వానికి నా గౌరవం తెలియజేస్తున్నాను. కానీ 1961 నుంచి 2016 వరకు యాభై ఐదేళ్ళు. ఈలోపు ఆ కంపెనీలో ఎంతోమంది పోయారు.

ఇలాంటి నిర్లక్ష్యం వల్ల నష్టపోయేది ఎవరో ఇప్పుడు చెబుతాను.

1. ముందుగా ఆ జవాన్లు. ఐదు రోజులు నిద్రలేకుండా పోరాడి, బందీలుగా గడిపి ఇంటికొచ్చినవాడికి ఊరు హారతి పట్టకపోయినా పర్వాలేదు, వేలెత్తి చూపకూడదు. ఈ కంపెనీలో కొందరు ఆ తర్వాతి జీవితంలో తాగుడుకు బానిసయ్యారని, కొందరు తమ ప్రాణం తామే తీసుకున్నారని సహచరులు, కుటుంబాలవాళ్ళు చెప్పారు. యుద్ధంలో ఒక్కరినీ పోగొట్టుకోని కంపెనీ, ఇంటికొచ్చాక మనుషుల్ని పోగొట్టుకుంది. పిచ్చి, పిరికితనం, క్రమశిక్షణ లేకపోవడం, ఇలా పేరు ఏదైనా పెట్టి తప్పుకున్నారు తప్ప వైద్యం చేయించినవాళ్ళు లేరు. మా దగ్గర కూడా ఇదే జరుగుతోంది. రాత్రి టపాసు పేలితే మంచం కిందికి దూరే మనిషిని చూసి పిల్లలు మొదట నవ్వుతారు, తర్వాత భయపడతారు. ఆ ఇంటి ఇల్లాలు ఎవరికి చెప్పుకోవాలి? సైన్యం నుంచి వచ్చిన మనిషి గట్టివాడన్న పేరు పోతుందని బంధువులకు చెప్పదు. ఆసుపత్రికి తీసుకెళ్తే బీపీ మాత్రలు రాసిస్తారు. టెన్షన్ తగ్గించుకోమంటారు.

2. తర్వాత భార్యాపిల్లలు. భర్త బందీగా ఉన్నాడన్న వార్త వచ్చిన ఇంట్లో రోజులు ఎలా గడుస్తాయో వేరే చెప్పక్కర్లేదు. 2000లో సియెర్రా లియోన్‌లోని కైలాహున్‌లో మన గూర్ఖా బెటాలియన్ జవాన్లు రెండు వందల మందికి పైగా తిరుగుబాటుదారుల వలయంలో చిక్కుకున్నారు. డెబ్బై ఐదు రోజులు. చివరికి జులైలో 'ఆపరేషన్ ఖుక్రీ' చేసి వాళ్ళను బయటికి తెచ్చారు. జాడోట్‌విల్‌లో జరగనిది అక్కడ జరిగింది, ఎందుకంటే హెలికాప్టర్లు, బలగం, పట్టుదల అక్కడ కూడగట్టారు. చేయాలనుకుంటే చేయగలరని తేలింది కదా. అది కమాండర్ల మంచితనం మీదా, అదృష్టం మీదా ఆధారపడకూడదు, నియమంగా ఉండాలి.

3. శాంతి దళాన్ని నమ్ముకుని బతికే స్థానికులు కూడా నష్టపోతారు. 1994లో రువాండాలో పదిమంది బెల్జియన్ శాంతి సైనికులు చనిపోయాక వాళ్ళ దేశం దళాలను ఉపసంహరించుకుంది. మిగిలిన కొద్దిపాటి దళానికి బలం, అనుమతి రెండూ లేవు. అక్కడి జనానికి ఏమైందో ప్రపంచానికి తెలుసు. 1995లో బోస్నియాలోని స్రెబ్రెనిత్సాలో చిన్న డచ్ దళాన్ని కాపలా పెట్టి, అడిగిన వైమానిక సాయం సరిగా ఇవ్వలేదు. అక్కడ ఏడు వేల మందికి పైగా పురుషులను, అబ్బాయిలను చంపేశారు. జాడోట్‌విల్ పాఠం 1961లోనే బహిరంగంగా రాసి, చదివి, నేర్చుకుని ఉంటే ఇవన్నీ ఆగేవని నేను అనను. నేర్చుకునే ప్రయత్నమైనా జరిగేది.

4. ఇక ముందు వెళ్ళబోయేవాళ్ళు. పశ్చిమ గోదావరి జిల్లా మిలిటరీ మాధవరం లాంటి ఊళ్ళలో తరతరాలుగా ఇంటికొకరు సైన్యానికి వెళ్తారు. ఐరాస డ్యూటీ అంటే మా కుర్రాళ్ళకు ఆశ. నాలుగు డబ్బులు మిగులుతాయి, అప్పు తీరుతుంది, చెల్లెలి పెళ్ళవుతుంది. వాళ్ళను నేను వెనక్కి లాగను. కానీ 2013లో దక్షిణ సూడాన్‌లో, 2022లో కాంగోలోని బుటెంబోలో మన జవాన్లు చనిపోయారు. ఐరాస విధుల్లో అందరికంటే ఎక్కువ ప్రాణాలు కోల్పోయిన దేశం మనదే, నూట డెబ్బైకి పైన. ఐర్లండ్ అంత చిన్న దేశం ఎనభై మందికి పైగా పోగొట్టుకుంది. 2022 డిసెంబర్‌లో కూడా లెబనాన్‌లో ఒక ఐరిష్ జవాన్ను కాల్చి చంపారు. కష్టమొచ్చినప్పుడు వెనక ఎవరున్నారో తెలుసుకుని వెళ్ళే హక్కు ఈ కుర్రాళ్ళకు ఉంది.

పై విషయాలన్నీ దృష్టిలో పెట్టుకుని ఈ కింది కోరికలు మీ ముందు పెడుతున్నాను.

1. జాడోట్‌విల్ మీద ఐరాస తన పేరుతో పూర్తి నివేదిక విడుదల చేయాలి. ఆ కంపెనీని పంపమన్నది ఎవరు, మోర్తోర్ గురించి వాళ్ళను ముందుగా ఎందుకు సిద్ధం చేయలేదు, నీళ్ళూ తూటాలూ పంపడంలో ఏ మెట్టు దగ్గర తప్పు జరిగింది, ఇవి పేర్లతో సహా రాయాలి. అప్పుడు కటంగాలో ఐరాస పౌర ప్రతినిధి ఐర్లండ్‌కే చెందిన కోనర్ క్రూజ్ ఓబ్రయన్. అక్కడి బ్రిగేడ్‌కు అధిపతి మన దేశానికి చెందిన బ్రిగేడియర్ కె.ఎ.ఎస్. రాజా. అంటే ఐర్లండ్, భారత్ రెండు దేశాల వద్దా కాగితాలుంటాయి. తప్పు మనవాళ్ళ వైపు తేలినా సరే, భారత రక్షణ శాఖ తన దగ్గరున్న పత్రాలు తెరవాలి. లుఫీరా వంతెన దగ్గర చనిపోయిన గూర్ఖా జవాన్ల కుటుంబాలకూ ఆ నిజం తెలియాలి.

2. లుఫీరా దగ్గర చనిపోయిన మన జవాన్ల పేర్లు ఐర్లండ్‌లోని జాడోట్‌విల్ స్మారకాల దగ్గర ఉండేలా చూడాలని ఐర్లండ్ రక్షణ మంత్రి గారిని వేడుకుంటున్నాను. క్విన్లన్ మనుషుల కోసం ప్రాణమిచ్చినవాళ్ళు వాళ్ళు. క్విన్లన్ బతికుంటే దీనికి అడ్డు చెప్పేవాడు కాదని నా నమ్మకం.

3. రక్షించే మార్గం రాసిపెట్టకుండా ఏ చిన్న దళాన్నీ దూరపు పోస్టుకు పంపకూడదు. గాయపడినవాళ్ళను ఎన్ని గంటల్లో తీసుకొస్తారు, దారి మూసుకుపోతే గాలిలో ఏముంది, కమాండర్ సాయం అడిగితే ఎవరు, ఎంతసేపట్లో జవాబివ్వాలి అన్నది పంపే ముందే సంతకం చేసి దళాలిచ్చే దేశానికి ఇవ్వాలి. ఆ సంతకం ఎవరిదో వాళ్ళే జవాబుదారీ.

4. అన్ని వనరులూ అయిపోయాక తన మనుషుల ప్రాణాలు కాపాడడానికి లొంగిపోయిన కమాండర్ మీద చర్య తీసుకోవాలనుకుంటే, ఆ సైన్యానికి సంబంధం లేని వ్యక్తులతో విచారణ జరగాలి. విచారణ తేలే దాకా అతని ప్రమోషన్, పోస్టింగ్ ఆపకూడదు. లొంగిపోవడానికి ముందు సాయం అడిగాడా, అడిగితే ఏం పంపారు అన్నది ఆ విచారణలో మొదటి ప్రశ్న కావాలి.

5. కమాండర్ చేసిన పతక సిఫారసుకు ఏడాది లోపల రాతపూర్వకంగా జవాబివ్వాలి. కాదంటే కారణం చెప్పాలి. ఆ కారణం జవానుకు గానీ, అతను లేకపోతే భార్యకు గానీ అందాలి. ఐరాస విషయానికొస్తే, విధిలో చనిపోయినవాళ్ళకు ఇచ్చే డాగ్ హమర్‌షోల్డ్ పతకాన్ని భద్రతా మండలి 1997లో ఏర్పాటు చేసింది. క్విన్లన్ పోయిన ఏడాదే. చావును గౌరవించాలి, అందులో రెండో మాట లేదు. తన మనుషులందర్నీ బతికించి తెచ్చిన కమాండర్‌నూ గౌరవించాలి. అసాధారణ ధైర్యానికని సెనెగల్ కెప్టెన్ పేరిట 2014లో మీరే ఒక పతకం పెట్టారు. దాన్ని ఎంతో అరుదుగా ఇచ్చారు. కాంగో రోజుల దగ్గర నుంచి ఇలాంటి కమాండర్ల రికార్డులన్నీ మళ్ళీ తెరిచి, అర్హులకు ఆ పతకం ఇవ్వండి.

6. ఐరాస విధి నుంచి తిరిగొచ్చిన ప్రతి జవానుకూ మానసిక వైద్యం కనీసం పదేళ్ళు అందుబాటులో ఉండాలి. ఖర్చు ఐరాస, దళాలిచ్చిన దేశం కలిసి భరించాలి. మా రాష్ట్రాల సంగతి ప్రత్యేకంగా చెబుతాను. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాల్లో, మాజీ సైనికుల పాలీక్లినిక్‌లలో తెలుగులో మాట్లాడి వినే కౌన్సెలర్ ఉండాలి. హిందీలో డ్యూటీ చేసినవాడైనా పీడకల గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు అమ్మ భాషలోనే చెప్పగలడు. ఇంటి ఇల్లాలు నేరుగా ఫోన్ చేసే నంబరు కూడా కావాలి. ఎందుకంటే చాలా ఇళ్ళలో మనిషి తనకు బాగాలేదని ఒప్పుకోడు, మొదట గమనించేది ఆమే. ఆమె పేరు బయటికి రాకూడదు, భర్త పెన్షన్‌కు దీనివల్ల ఇబ్బంది రాదని రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. ఈ ఆరింట్లో ఇప్పటికిప్పుడు చేయగలిగింది ఇదే. దీనికి పాత కాగితాలు వెతకనక్కర్లేదు, భద్రతా మండలి తీర్మానమూ అక్కర్లేదు.

అయ్యా, పతకం కోసం ఎవరూ యుద్ధం చేయరన్న మాట తరచూ వింటాను. నిజమే. కానీ మనుషుల్ని కాపాడినందుకు తలదించుకుని బతకమంటే మాత్రం ఏ సైనికుడూ ఒప్పుకోడు. క్విన్లన్ ఆనాడు ఇంకొక్క పూట లొంగకుండా ఉండి, నలభై మందిని పోగొట్టుకుని ఉంటే, బహుశా అప్పుడే విగ్రహం పెట్టేవారు. అధికారులకు ఇలాంటి లెక్క నేర్పితే రేపు ఇంకో పోస్టులో ఇంకో కమాండర్ తన పేరు కోసం కుర్రాళ్ళను బలిపెడతాడు. నాకున్న పెద్ద భయం ఇదే.

ప్రతి ఏటా మే 29న ఐరాస శాంతి పరిరక్షకుల దినం జరుపుకుంటున్నారు. రాబోయే మే 29 లోపల పై ఆరు కోరికల్లో వేటిని ఒప్పుకుంటారో, వేటిని ఒప్పుకోరో, ఎందుకో బహిరంగంగా చెప్పమని కోరుతున్నాను. ఈ లేఖ ప్రతులను రెండు దేశాల పార్లమెంటు రక్షణ కమిటీలకు, తెలుగు రాష్ట్రాల సైనిక సంక్షేమ శాఖలకు పంపుతున్నాం. జవాబు రాకపోతే మా కుటుంబాలతో సహా జిల్లా కలెక్టర్ల కార్యాలయాల ముందు కూర్చుని ఇదే లేఖ మళ్ళీ చదువుతాం.

ఇట్లు,
ఆంధ్రప్రదేశ్ నుంచి ఒక మాజీ శాంతి సైనికుడు, సహచరుల తరఫున